ఆరో తరగతి తమ్ముడికి మొదటి పదిహేను రోజులు

జూన్ 12 దగ్గరపడిందంటే మన హాస్టల్ గేటు ముందు ఆటోలు ఆగుతాయి. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి, ఒక పచ్చడి సీసా, వాటి వెనక బిక్కమొహంతో ఒక పిల్లవాడు. ఊళ్లో అయిదో తరగతి అయిపోయి, ఆరో తరగతికి ఇక్కడికి వస్తాడు. వార్డెన్ గారు పేరు రాసుకుంటారు, ప్లేటు, గ్లాసు ఇస్తారు. అంతటితో వారి పని మొదటి రోజుకి పూర్తవుతుంది. ఆ రాత్రి నుంచి పిల్లవాడు మన చేతుల్లో ఉంటాడు. ఆ పదిహేను రోజులు సీనియర్లు ఎలా ఉండాలో మాకు తెలిసినంతవరకు ఇక్కడ చెప్పదలచుకున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. 2013 జూన్‌లో మేము ఆరో తరగతిలో చేరాము. రెండో రోజు స్టడీ అవర్‌లో మా గదిలోని ఒక మిత్రుణ్ణి తెలుగు వాచకం చదవమన్నారు. "ప్రార్థన" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. అతనికి ఒత్తులు రావు. మేమందరం నవ్వాము. మరునాటి నుంచి అతనికి అదే పేరు పెట్టి పిలిచాము. ఆదివారం వాళ్ల నాన్న చూడటానికి వస్తే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నోటి లెక్కలు మా అందరికంటే ముందు చెప్పేవాడు. ఇప్పుడు ఇటుక బట్టీలో పని చేస్తున్నాడు. ఏ పనీ తక్కువది కాదు. కానీ మేము ఈరోజు పీజీ దాకా వచ్చాము, అతను ఆరో తరగతిలో ఆరు రోజులు కూడా ఉండలేదు. చదువు రాక వెళ్లలేదు, మా నవ్వు భరించలేక వెళ్లాడు.

మొదటి వారం: ఇంటి మీద బెంగ

పగలంతా బడిలో గడిచిపోతుంది. బెంగ దీపాలు పెట్టే వేళ మొదలవుతుంది. తమ్ముడు అన్నం సగంలో వదిలేస్తాడు, కడుపు నొప్పి అంటాడు, దుప్పటి కప్పుకుని ఏడుస్తాడు. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అనకండి. "రేపు మీ అమ్మ వస్తుందిలే" అని అబద్ధం కూడా చెప్పకండి. రేపు అమ్మ రాకపోతే మన మాట మీద నమ్మకం పోతుంది. క్యాలెండరు దగ్గరికి తీసుకెళ్లి ఆదివారం ఎప్పుడో, రెండో శనివారం ఎప్పుడో, దసరా సెలవులకి ఎన్ని రోజులుందో చూపించండి. రోజుకొక గడి కొట్టేయించండి. ఎన్నాళ్లుండాలో లెక్క తెలిస్తే పిల్లవాడికి ధైర్యం వస్తుంది.

మెస్‌లో పక్కన కూర్చోండి. నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, బట్టలు ఎక్కడ ఆరేయాలి, రాత్రి బాత్రూముకి వెళ్లాలంటే ఎవరిని లేపాలి అన్నవి చెప్పండి. మనకివి చిన్న విషయాలు. అడగడానికి సిగ్గుపడి రాత్రంతా మేలుకుని ఉన్నవాళ్లు మాలోనే ఉన్నారు.

రెండో వారం: ఎక్కడ ఆగాడో తెలుసుకోవడం

ఆరో తరగతి పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన పిల్లవాడు ఆరో తరగతిలో ఉన్నట్టు కాదు. కొందరు ఒత్తుల దగ్గర, కొందరు అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర, చాలామంది భాగహారం దగ్గర ఆగిపోయి ఉంటారు. అది తెలుసుకోవాలంటే నలుగురి ముందు నిలబెట్టి చదివించకూడదు. వేపచెట్టు కింద పక్కన కూర్చోబెట్టుకుని మూడో తరగతి తెలుగు వాచకం ఒక పేజీ చదివించండి. ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. పది నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మొదలుపెట్టండి. రోజూ పది నిమిషాలు చదవడం, పది నిమిషాలు లెక్కలు, ఒక ఎక్కం. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. పదో తరగతి వాళ్లతో సమానంగా రాత్రి పది దాకా మేల్కొల్పకండి. నిద్ర చాలని పిల్లవాడికి మరునాడు పాఠం ఎక్కదు.

కొత్త సబ్జెక్టులు

ఆరో తరగతిలో హిందీ కొత్తగా వస్తుంది. భయపడనక్కరలేదు. తెలుగు అక్షరమాల వచ్చినవాడికి హిందీ వరుస సగం వచ్చినట్టే. అ, ఆ, ఇ, ఈ, తరువాత క, ఖ, గ, ఘ అదే క్రమంలో ఉంటాయి. మన ఎ, ఒ లాంటి పొట్టి అక్షరాలు హిందీలో లేవు. గుణింతం కూడా మన పద్ధతే. ఈ మాట మాకు ఎవరో చెప్పి ఉంటే ఆరు నెలలు భయపడేవాళ్లం కాదు.

మేము చదివింది తెలుగు మీడియం. ఇప్పటి తమ్ముళ్ల పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటున్నాయి. దీన్ని బాగా వాడుకోవాలి. ముందు తెలుగు పేజీ చదివి విషయం అర్థం చేసుకోవాలి. ఆ తరువాత ఇంగ్లీషు పేజీలో అవే మాటలు వెతకాలి. భిన్నం అంటే ఫ్రాక్షన్, లవం న్యూమరేటర్, హారం డినామినేటర్. ఇలా రోజుకి అయిదు మాటలు నోటు పుస్తకంలో రాసుకుంటే ఒక నెలకి నూట యాభై మాటలవుతాయి. అర్థం తెలియకుండా ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టించడం పిల్లవాడికి మేలు చేసినట్టు కాదు.

ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకు ఒక మాట. ఎనిమిదిలో సైన్సు రెండు పుస్తకాలవుతుంది, భౌతిక రసాయన శాస్త్రం వేరు, జీవశాస్త్రం వేరు. ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల్లో ఎనిమిది చదివేవాళ్లకు జాతీయ ఉపకార వేతనం కోసం ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం మార్కులుండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కనుక ఏడో తరగతి మార్కులతో పనేముంది అనుకోవద్దు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందుగానే తీసి పెట్టుకోండి. దరఖాస్తు సంగతి ప్రధానోపాధ్యాయుల్ని అడగండి.

మన వంతు

బాబాసాహెబ్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. 1925లో ఆ సభ షోలాపూర్‌లో మన పిల్లల కోసం ఒక హాస్టల్ తెరిచింది. బడి ఒక్కటీ ఉంటే చాలదని, బడికి వెళ్లే పిల్లవాడికి ఉండటానికి చోటు, తోడు కావాలని ఆయనకు తెలుసు. చోటు మనకు దొరికింది. తోడు మాత్రం ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి పంపలేదు.

అందుకని మా విన్నపం ఇది. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు ఒక్కొక్కరు ఆరో తరగతి పిల్లవాణ్ణి ఒక్కణ్ణి తీసుకోండి. పదిహేను రోజులు చాలు. పూర్వ విద్యార్థులు జూన్‌లో ఒక ఆదివారం వచ్చి పిల్లలతో కలిసి భోజనం చేయండి. మేమూ వస్తాము. ఎవరైనా చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే నవ్వకండి. ఆ మాట పక్కనుంచి మెల్లగా అందించండి. మేము ఆనాడు చేయలేకపోయింది అదే.