అందం వెనుకే ఆపద: బియాస్ నది

హిమాచల్‌ప్రదేశ్‌లోని కులు లోయలో పారే బియాస్ నది చూడముచ్చటగా ఉంటుంది. పురాణాల్లోని విపాశ ఇదే. రోహతంగ్ కనుమ దగ్గర పుట్టి, మంచుకొండల కరుగునీటితో మనాలి మీదుగా దిగివస్తుంది. ఒడ్డున దేవదారు చెట్లు, ఆపిల్ తోటలు. వేసవిలో మన ఏళ్లు ఎండుతాయి. ఇక్కడ ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి నీరు పెరుగుతుంది. దిగువన ఆనకట్ట గేట్లు ఎత్తితే నిమిషాల్లో ముంచుకొస్తుంది.

2014 జూన్ 8న థలోట్ వద్ద ఏటిలోని రాళ్లపై ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వారి వెంట వెళ్లిన ఒకరు ఇలాగే కొట్టుకుపోయారు. లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరది.

విహారయాత్రకు పిల్లలను పంపే పెద్దలు ఒక్క మాట చెప్పి పంపాలి. ఏటిని గట్టు మీద నుంచే చూడాలి. సైరన్ వినిపించలేదని నీటిలోకి దిగరాదు.