పదికాలాలు నిలిచే వంటిల్లు

వర్జీనియాలోని షాంటిలీలో వంటిల్లు మార్పించుకునే ప్రతి తెలుగు కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్‌తో వెళ్లాలా, ఎన్నేళ్లయినా వన్నె తగ్గని తీరును ఎంచుకోవాలా? జవాబు షోరూమ్‌లో కన్నా మన పొయ్యి దగ్గరే త్వరగా దొరుకుతుంది.

షాంటిలీలో ఏ ఇంటి వంటగదిలోకి వెళ్లినా, దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో చాలావరకు చెప్పేయొచ్చు. తేనెరంగు ఓక్ తలుపులుంటే అది 1980లు, 90ల నాటిది. ముదురు చెర్రీ కలప, దాని మీద గోధుమరంగు చుక్కల గ్రానైట్ ఉంటే 2000 తర్వాతి పదేళ్లలోది. తెల్ల కేబినెట్లు, బూడిదరంగు గోడలు, తెల్లటి క్వార్ట్జ్ గట్టు కనిపిస్తే 2010లలోది. ఆకుపచ్చ లేదా ముదురు నీలం కేబినెట్లు, లేత ఓక్, ఇత్తడిరంగు పిడులు ఉంటే నిన్నమొన్నటి పని. వీటిలో ప్రతి ఒక్కటీ తన కాలంలో ‘ఇక ఇదే ఎప్పటికీ’ అనిపించుకున్నదే.

డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో ఇళ్లకు ఇప్పుడు వయసు మీదపడుతోంది. గ్రీన్‌బ్రయర్ కాలనీని లెవిట్ సంస్థ 1960ల చివర్లో కట్టింది. షాంటిలీ చిరునామాతోనే లౌడన్ కౌంటీ వైపు విస్తరించిన సౌత్ రైడింగ్ 1990లలో మొదలైంది. ఈ వీధుల్లో మన వాళ్లు చాలామందే స్థిరపడ్డారు. ఇల్లు కొన్నప్పుడు వంటగది ఎలా ఉంటే అలాగే సర్దుకున్నారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, ఇప్పుడు వంటింటి మీద దృష్టి పెడుతున్నారు. డల్లెస్ ఎక్స్‌పో సెంటర్‌లో ఏళ్లపాటు జరిగిన ఇంటి ప్రదర్శనల్లో, రూట్ 50 చుట్టుపక్కల షోరూముల్లో వాళ్లకు ముందుగా చూపించేది రంగులు, రాళ్లు, తలుపుల నమూనాలే. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది?

అమెరికా వంటిళ్లలో 1950లలో గులాబీ, లేత నీలం రంగుల హవా నడిచింది. 1970లలో ఫ్రిజ్‌లు, స్టవ్‌లు సైతం అవకాడో ఆకుపచ్చలో, పంటచేను పసుపులో వచ్చాయి. పదిహేనేళ్లు తిరక్కుండానే అవన్నీ పాతసామాన్ల దుకాణాలకు చేరాయి.

అదే దేశంలో రెండు వస్తువులు మాత్రం తరాలు దాటి నిలబడ్డాయి. ఒకటి షేకర్ తలుపు. 1774లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన షేకర్లనే మత సమాజం నిరాడంబరంగా చేసుకున్న కలప సామాను దీనికి మూలం. చుట్టూ చట్రం, మధ్యలో నునుపు పలక, అంతే. రెండోది 1904లో న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్ల గోడలకు అతికించిన 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న తెల్ల పలక. మసి పట్టదు, తుడిస్తే పోతుంది, పగిలితే ఒక్కటి తీసి మరొకటి పెట్టుకోవచ్చు.

ఈ రెండూ అందం కోసం పుట్టినవి కావు, పని కోసం పుట్టినవి. పని తీరింది కాబట్టే అందం కూడా నిలిచింది. వంటింట్లో కలకాలం నిలిచేదాన్ని వెతికేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదే. ఆ ఇంట్లో రోజూ జరిగే పనికి సరిపోయిందే ఎక్కువకాలం ఉంటుంది. మరి మన ఇళ్లలో రోజూ జరిగే పనేమిటి? తిరగమోత, వేపుడు, పులుసు, పప్పు రుబ్బడం, పండగకు నూనె మూకుడు పెట్టడం. షోరూమ్‌లోని వంటగదిని ఈ పనులు దృష్టిలో పెట్టుకుని గీయలేదు.

ముందు గాలి సంగతి

వంట పొగ బాధ ఈ ఊరికి కొత్త కాదు. షాంటిలీలోనే రూట్ 28 పక్కన ‘సల్లీ’ అనే చారిత్రక గృహం ఉంది. ఉత్తర వర్జీనియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి ప్రతినిధి రిచర్డ్ బ్లాండ్ లీ 1794లో దాన్ని కట్టించాడు. డల్లెస్ విమానాశ్రయం కింద పోవాల్సిన ఆ ఇంటిని 1959లో చట్టం చేసి మరీ కాపాడుకున్నారు. అక్కడి వంటిల్లు అసలు ఇంట్లో ఉండదు, విడిగా ఉంటుంది. నిప్పు భయం, పొగ, వేడి అందుకు కారణాలు. ఆ పొయ్యి దగ్గర చెమటోడ్చింది బానిసలుగా బతికిన నల్లజాతి మనుషులనే నిజాన్ని కూడా అక్కడికి వెళ్లినవాళ్లు తెలుసుకోవాలి.

మన పల్లెల్లోనూ పాత మండువా ఇళ్లలో వంటిల్లు వెనకవైపు, వీలైతే ఆగ్నేయ మూలన, పొగ బయటికిపోయే దారితో ఉండేది. ఇరవయ్యో శతాబ్దం చివరికి అమెరికా గోడలు కూల్చి వంటగదిని హాల్లో కలిపేసింది. కూరగాయలు ఉడికించి, మాంసం ఓవెన్‌లో పెట్టే వంటకు అది ఇబ్బంది కాలేదు. ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టే ఇంట్లో మాత్రం ఆ ఘాటు సోఫాకు, కోట్లకు, మెట్లెక్కి పడకగదికి కూడా చేరుతుంది. దానికి తోడు చాలా టౌన్‌హౌస్‌లలో స్టవ్ మీద ఉండే మైక్రోవేవ్ ఫ్యాను గాలిని బయటికి పంపదు. వడపోసి మళ్లీ గదిలోకే వదులుతుంది.

అందుకే కొంతమంది గరాజ్‌లో రెండో స్టవ్ పెట్టుకుని చేపల పులుసు, అప్పాలు అక్కడ కానిస్తుంటారు. తలుపు మూసి ఉన్న గరాజ్‌లో గ్యాస్ వెలిగించడం ప్రాణాపాయం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఈ అవసరాన్ని గమనించిన కొన్ని నిర్మాణ సంస్థలు కొత్త ఇళ్లలో ప్రధాన వంటగది వెనక ‘స్పైస్ కిచెన్’ పేరుతో చిన్న గది ఇస్తున్నాయి. రెండు వందల ఏళ్ల కిందటి పద్ధతి ఇలా మళ్లీ వచ్చిందంటే, దాని వెనకున్న అవసరం ఎన్నడూ పోలేదన్నమాట.

పాత ఇంటికి రెండో వంటగది వీలుపడకపోవచ్చు. గాలిని బయటికి పంపే హుడ్ మాత్రం చాలా ఇళ్లలో సాధ్యమే. స్టవ్ ఎంత వెడల్పో కనీసం అంత వెడల్పు హుడ్ ఉండాలి. గొట్టం పొట్టిగా, నున్నగా, మలుపులు తక్కువగా ఉండాలి. నిమిషానికి 400 ఘనపుటడుగుల కన్నా ఎక్కువ గాలిని లాగే హుడ్ పెడితే, అంత గాలీ మళ్లీ లోపలికి వచ్చే ఏర్పాటు గురించి నిర్మాణ నియమాలు అడుగుతాయి. బయటి గోడకు రంధ్రం పెట్టాలంటే కాలనీ సంఘం అనుమతి కూడా కావాల్సి రావచ్చు. ఇదంతా కేబినెట్ల రంగు అనుకునే ముందే తేల్చుకోవాలి. కేబినెట్లు బిగించాక గొట్టానికి దారి వెతకడం రెట్టింపు ఖర్చు.

గట్టు మీద చీమకుర్తి

గట్టు రాయి విషయంలో ఫ్యాషన్ గట్టిగా లాగుతుంది. బూడిదరంగు చారల తెల్ల పాలరాయి ఫొటోలో మనోహరంగా ఉంటుంది. కానీ పాలరాయి సున్నపురాయి జాతిది. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే దాని మెరుపు తినేస్తాయి. పసుపు దాని రంధ్రాల్లోకి ఇంకుతుంది.

క్వార్ట్జ్ గట్టు చాలావరకు క్వార్ట్జ్ పొడి, దాన్ని పట్టి ఉంచే రెసిన్. మరకలు తక్కువ, నిర్వహణ సులువు. అయితే మంట మీద నుంచి దించిన మూకుడును నేరుగా పెడితే రెసిన్ రంగు మారుతుంది. దీన్ని కోసేవాళ్ల సంగతి కూడా మనం పట్టించుకోవాలి. ఆ సిలికా ధూళి కార్మికుల ఊపిరితిత్తుల్ని నాశనం చేస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దీన్ని నిషేధించింది. ఏ రాయిని ఎంచుకున్నా, నీళ్లు పోస్తూ ధూళి లేవకుండా కోసే దుకాణానికే పని ఇవ్వడం మన బాధ్యత.

ఇక గ్రానైట్. నల్లని ఒంటి మీద బంగారు చుక్కలు మెరిసే ‘బ్లాక్ గెలాక్సీ’ ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల నుంచే ప్రపంచమంతా వెళ్తుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఈ రాయి వేడి గిన్నెకు బెదరదు, పులుపుకు లొంగదు, పసుపు మరక కనిపించనివ్వదు. నీటి చారలు మాత్రం తేలికగా కనబడతాయి కాబట్టి రోజూ పొడిగుడ్డతో తుడవాలి. తెల్ల క్వార్ట్జ్ ఊపులో గ్రానైట్ పాత ఫ్యాషన్ అన్న మాట వచ్చింది. మన వంటకు ఇంతగా సరిపడే రాయిని, అదీ మన నేల నుంచి వచ్చినదాన్ని, ఆ ఒక్క మాటతో పక్కన పెట్టనక్కర్లేదు.

కొలతలే అసలు అందం

స్టవ్, సింక్, ఫ్రిజ్‌ల మధ్య త్రిభుజం గీస్తే మూడు భుజాలూ కలిపి 13 నుంచి 26 అడుగులు ఉండాలన్న లెక్కను 1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వ్యాప్తిలోకి తెచ్చింది. అది ఒక్క మనిషి వండే ఇంటి లెక్క. మన ఇళ్లలో ఊరి నుంచి అమ్మో అత్తయ్యో వచ్చి ఆరునెలలు ఉంటారు. ఒకరు కూర తరుగుతుంటే ఇంకొకరు దోసెలు వేస్తారు. ఇద్దరు మసిలే చోట గట్టుకూ ఐలాండ్‌కూ మధ్య 48 అంగుళాలు వదలమని అమెరికా వంటగది నిపుణుల సంఘం సూచన. మామూలు గట్టు ఎత్తు 36 అంగుళాలు. ఐదడుగుల పెద్దావిడకు అక్కడ చపాతీ పిండి కలపడం భుజాల నొప్పే. ఒక భాగాన్ని రెండు మూడు అంగుళాలు తగ్గించి కట్టించుకుంటే ఆమె ఆ వంటింట్లో అతిథిలా నిలబడాల్సిన పని ఉండదు.

వెట్ గ్రైండర్‌ను రోజూ ఎత్తి దించే బాధ లేకుండా దానికో స్థిరమైన చోటు, దగ్గర్లో ప్లగ్ ఉండాలి. పెద్ద ఇడ్లీ పాత్ర, కుక్కర్ మునిగేంత లోతున్న ఒంటి తొట్టి సింక్ కావాలి. బరువు గిన్నెలకు కింది అల్మారాల కన్నా లోతైన సొరుగులు మేలు. వంగి లోపలికి చెయ్యి పెట్టి వెతుక్కోనక్కర్లేదు. సోనా మసూరి బస్తాలు, ఆవకాయ జాడీలు, కొన్ని ఇళ్లలో దేవుడి పటాలు కూడా ప్యాంట్రీలోనే ఉంటాయి. ఆ చోటును ముందే లెక్కలో వేసుకోవాలి. ఇండక్షన్ స్టవ్ అనుకుంటే 240 వోల్టుల లైను ఇప్పుడే వేయించుకోవాలి. అయస్కాంతం అంటని మామూలు అల్యూమినియం కుక్కర్లు దానిమీద పనిచేయవని కూడా తెలుసుకోవాలి.

మోజు ఎక్కడ తీర్చుకోవాలి?

ఇంత చెప్పినంత మాత్రాన ఫ్యాషన్ పనికిరాదని కాదు. నచ్చిన రంగు మధ్య వండుకోవడం ప్రతిరోజూ అందే సంతోషం. గోడ రంగు, కేబినెట్ పిడులు, ఐలాండ్ మీద వేలాడే దీపాలు, బల్లలు, తెరలు, ఇంకాస్త ధైర్యముంటే స్టవ్ వెనక పలకలు... ఇక్కడ ఎంత కొత్తదనమైనా చూపించొచ్చు. ఐదేళ్లకు మొహం మొత్తితే ఒక వారాంతంలో మార్చేయొచ్చు. గోడల అమరిక, గాలి గొట్టం, కరెంటు, కేబినెట్ పెట్టెలు, గట్టు రాయి మాత్రం ఇరవై ఏళ్ల మాట. పెట్టె నాణ్యమైన ప్లైవుడ్‌దైతే తలుపు రంగు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

‘రేపు ఇల్లు అమ్మితే?’ అన్న భయంతోనే చాలామంది తెల్ల వంటగదిని ఎంచుకుంటారు. అమెరికాలో ఏటా వెలువడే రీమోడలింగ్ ఖర్చు-విలువ నివేదిక 2024 సంచిక చెప్పేది చూడండి. చిన్నపాటి వంటగది మార్పుకు పెట్టిన ఖర్చులో జాతీయ సగటున దాదాపు 96 శాతం అమ్మకంలో తిరిగి వస్తుంది. విలాసవంతమైన భారీ మార్పుకు వచ్చేది 38 శాతమే. అంటే అమ్మకం కోసమే అయితే తక్కువ మార్చడం మంచిది. ఎక్కువ ఖర్చు పెడుతున్నామంటే అది మనం అనుభవించడానికే. అలాంటప్పుడు ఎప్పుడో వచ్చే కొనుగోలుదారు అభిరుచికి తలొగ్గడం దేనికి?

సంతకం పెట్టే ముందు

• గోడ తొలగించినా, కరెంటు తీగలు, నీటి గొట్టాలు, గ్యాస్ లైను మార్చినా కౌంటీ పర్మిట్ ఎవరు తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి.
• 1978కి ముందు కట్టిన ఇల్లయితే సీసం ఉన్న పాత రంగును జాగ్రత్తగా తొలగించే ధ్రువీకరణ కాంట్రాక్టర్‌కు ఉందో లేదో చూడండి.
• రాయి నమూనా ఇంటికి తెచ్చి దానిమీద పసుపు, నూనె, చింతపండు రసం ఒక రాత్రి ఉంచి పరీక్షించండి.
• మీ పెద్ద మూకుడు, గ్రైండర్, ఇడ్లీ పాత్ర కొలతలు రాసి డిజైనర్‌కు ఇవ్వండి.
• ఇంట్లో ఎక్కువగా వండేవాళ్లు నిలబడి కొలతలు ఒప్పుకున్నాకే నక్షా ఖరారు చేయండి.

మనకన్నా ముందు వచ్చినవాళ్లు ఇక్కడి వంటగదికి తమ వంటను తగ్గించుకున్నారు. అతిథులొస్తున్నారంటే పోపు మానేశారు, ఇంటికి వాసన పడుతుందని చేపలు మానేశారు. వంటగదిని మార్చే స్తోమత వచ్చిన తరం ఆ సర్దుబాటును ఇక మోయనక్కర్లేదు. ముందు గాలి, ఆ తర్వాత చోటు, తర్వాత రాయి, చివరగా రంగు. ఈ వరస తప్పకుండా డబ్బు ఖర్చు పెడితే, ఏ రంగు ఫ్యాషన్ మారినా ఆ ఇంట్లో వంట ఆగదు. పిల్లలు కూడా అక్కడే నిలబడి తాలింపు వేయడం నేర్చుకుంటారు.