మీ పేరుతో ఒక్క మార్పు!
క్లాసులో అందరి రెజ్యూమెలోనూ అదే మినీ ప్రాజెక్టు. మరి ఇంటర్వ్యూలో మీరు వేరుగా కనిపించేదెలా?

ఏటా సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే. 2004లో మొదలైంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన హైదరాబాద్ సంస్థ 'స్వేచ్ఛ' లాంటివి వర్క్‌షాపులు పెడుతుంటాయి. పాత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి, లైనక్స్ వేయడం నేర్చుకోవచ్చు. సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయకండి (చాలామంది చేసేది అదే!).

కోడింగ్ అంతంతమాత్రమా? ఫైర్‌ఫాక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చింది వాలంటీర్లే. అలాగే ఏదో ఒక ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌లో అర్థంకాని వాక్యం సరిచేసి పంపండి. మొదటిసారి తిప్పి పంపొచ్చు. కారణం చదివి, మళ్లీ ప్రయత్నించండి. ఆమోదిస్తే ఆ మార్పు మీ పేరుతో, తేదీతో గిట్‌లో ఉండిపోతుంది. ఇంటర్వ్యూలో ఆ లింకు చూపించి, ఎందుకు మార్చారో చెప్పండి.