దంపుడు బియ్యం – ఆయురారోగ్యం

శ్రీమద్భగవద్గీత 17వ అధ్యాయంలో సాత్త్వికాహారం వలన కలిగే ఫలాలను తెలుపుతూ గీతాచార్యుడు మొట్టమొదట ఆయుష్షునే పేర్కొన్నాడు. దీర్ఘాయువు కోరి స్వామికి మ్రొక్కుకొనే మనం విస్తరి ముందు కూర్చోగానే ఆ మాటను మరచిపోతున్నాము. మల్లెపూవువలె తెల్లగా ఉంటేనే అన్నమని మన భావన.

వడ్లపై ఊకను మాత్రమే తొలగిస్తే వచ్చేది దంపుడు బియ్యం. గింజపైనున్న తవుడు పొర, కొసనున్న మొలకభాగం అందులో చాలవరకు నిలిచి ఉంటాయి. మరలో పాలిష్ పట్టినప్పుడు పోయేవి ఆ రెండే. పీచు, థయమిన్ అనే బి1 విటమిన్ అధికంగా ఉండేదీ అక్కడే. ఆ తవుడును పశువులకు పెడతాము. వాటి ఆరోగ్యంపై మనకు అంత శ్రద్ధ!

థయమిన్ లోపిస్తే నరాలను, గుండెను దెబ్బతీసే బెరిబెరి వ్యాధి వస్తుంది. జావా ద్వీపంలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్ళకు అటువంటి జబ్బే రావడం, ముడిబియ్యం పెట్టగానే అవి కోలుకోవడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మన ఉత్తర సర్కారు జిల్లాలలోనూ ఒకప్పుడు ఈ వ్యాధి ఉండేది. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో ప్రారంభమైనది బెరిబెరి పరిశోధనకే.

ఇప్పుడు బెరిబెరి అరుదు. ఇంటింటా ఉన్నది మధుమేహం. నాకూ ఉన్నది కనుక ఒక మాట స్పష్టంగా వ్రాయాలి. దంపుడు బియ్యం మందు కాదు, అదీ అన్నమే. రెండు గరిటెలు చాలిన చోట నాలుగు వడ్డించుకొంటే రక్తంలో చక్కెర పెరగక మానదు. అయితే దానిని నమిలి తినక తప్పదు. కొద్దిపాటితోనే తృప్తి కలుగుతుంది. నా అనుభవంలో మేలు చేసినది ఇదే. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా లేనిదే మార్పు చేసుకోరాదు.

వండేముందు రెండు గంటలు నానబెట్టి, గ్లాసు బియ్యానికి రెండున్నర, మూడు గ్లాసుల నీరు పోసి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. వార్చిన గంజితో విటమిన్లు కొంత పోతాయి. తవుడులో నూనె ఉన్నందున నిలవ చేస్తే ముక్కవాసన వస్తుంది. నెలకు సరిపడా మాత్రమే కొనండి. పిల్లలు మొదట మూతి ముడుస్తారు. తోటకూర పప్పు కలిపి, చివర మజ్జిగ పోసి పెట్టి చూడండి.