రెండు బల్బుల అచ్చుయంత్రం

వంద సీడీలకు అట్ట కవర్లు అచ్చు వేయమని అడిగితే ఆఫ్‌సెట్ ప్రెస్సువాళ్ళు మొహం చిట్లిస్తారు. ప్లేట్లు చేసి, మెషిన్‌కి ఎక్కించి, రంగులు కుదుర్చుకునేలోపే బోలెడు కాగితం వృథా. వందైనా వెయ్యైనా ఆ తొలి ఖర్చు తప్పదు. పోనీ ఇంట్లో ఇంక్‌జెట్‌లో కొట్టుకుందామంటే గోధుమరంగు అట్ట మీద దానికి తెలుపు వేయడం రాదు. సొంత పాటలు రికార్డు చేసుకుని వందల్లో అమ్ముకునే అమెరికా చిన్న బ్యాండ్లకు ఈ ఇరకాటంలో దొరికింది ప్రింట్ గొక్కో. అది జపాన్‌లో 1977లో పుట్టింది. అప్పటికి సీడీ ఇంకా మార్కెట్లోకే రాలేదు.

దాన్ని రూపొందించింది నొబోరు హయామా. 1946లో టోక్యోలో స్టెన్సిల్ అచ్చుపనితో మొదలుపెట్టి రిసో కంపెనీని నిలబెట్టిన మనిషి. జపాన్‌లో కొత్త సంవత్సరానికి ఇంటింటా గ్రీటింగు కార్డులు పంపే ఆనవాయితీ ఉంది, ఆ కార్డుల కోసమే ఈ యంత్రం. డాక్టరాట, బడి ఆట అంటూ పిల్లలు ఉత్తుత్తిగా ఆడే ఆటల్ని అక్కడ ‘గొక్కో’ అంటారు. అంటే ఇది ప్రెస్సాట అన్నమాట!

సైక్లోస్టైల్ చూసినవాళ్ళకు దీని కిటుకు వెంటనే అందుతుంది. అక్కడ స్టెన్సిల్ కాగితం మీద ఇనుప మొనతో గీకి రాసేవాళ్ళం. కాస్త గట్టిగా నొక్కితే సున్నా లోపలి ముక్క ఊడిపోయేది, మన గుండ్రటి అక్షరాలకు అదో శాపం. గొక్కోలో గీకేది వెలుతురు. సన్నని జాలీగుడ్డకు పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది, అదే మాస్టర్. దాని కింద జిరాక్స్ తీసిన బొమ్మ పెట్టి, పైన రెండు ఫ్లాష్ బల్బులు బిగించి మూత నొక్కాలి. బల్బుల్లోని లోహం ఆక్సిజన్‌లో భగ్గుమంటుంది. జిరాక్స్ నలుపులోని కార్బన్ ఆ వేడిని పీల్చుకుని, తనకు తగిలిన చోటల్లా ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. తెల్లకాగితం ఉన్నచోట పొర చెక్కుచెదరదు. మామూలు రంగుద్రవపు ఇంక్‌జెట్ నలుపుతో ఇది జరగదు. కంటికి నలుపే గాని అందులో కార్బన్ ఉండదు, బల్బులు దండగ.

తర్వాత టూత్‌పేస్టులా చిక్కటి ఇంకుని మాస్టర్ మీద పిండాలి. స్పాంజి పట్టీలతో చిన్న గట్లు కడితే పక్కపక్కనే ఎరుపూ తెలుపూ పోసుకోవచ్చు. ఒక్క నొక్కుతో రెండు రంగులూ పడతాయి. పొలంలో మడులు కట్టినట్టే.

సీడీ వెడల్పు 12 సెంటీమీటర్లు. చిన్న గొక్కో అచ్చు వేసే జాగా ఒక వైపు సుమారు 10 సెంటీమీటర్లే. అందుకే గొక్కో కవర్ల మీద బొమ్మ పక్కన అట్ట ఖాళీగా మిగులుతుంది. చూసినవాళ్ళు అదో శైలి అనుకుంటారు, యంత్రం పొట్ట అంతే మరి. అచ్చయిన కార్డుల్ని దండెం మీద ఆరేసి, పూర్తిగా ఆరాకే మడవాలి. అట్టలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుని ఉంటాయి. వాటి వెంట మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే అంచు పగిలి రంగు రాలుతుంది. ముందే రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో, స్కేలు ఆనించి గాడి గీసుకోవడం మేలు.

ఇళ్ళల్లోకి కంప్యూటర్లు, ప్రింటర్లు వచ్చాక జపాన్ వాళ్ళు కార్డులు వాటి మీదే తీసుకున్నారు. 2008లో గొక్కో అమ్మకం ఆగింది. మాస్టర్లు, బల్బులు 2012 దాకా వచ్చాయి. యంత్రంలో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు: ప్లాస్టిక్ డొక్కు, ఒక మడతబందు, రెండు పెన్సిల్ సెల్స్. బల్బుతోనే చిక్కంతా. ఒక్కసారి వెలిగితే దాని గాజు బొబ్బలెక్కి మసకబారుతుంది, ఇక పారేయాల్సిందే. గొక్కో ఉన్నవాళ్ళు ఇప్పుడు పాత స్టాకు బల్బుల్ని జతలుగా లెక్కపెట్టుకుంటారు. అందులో ఒకటి పగిలిందా, రెండోది ఊరికే పడి ఉంటుంది.