ఒకే టీకా, వేరు వేరు ఫలితం



"సిస్టరుగారూ, ఇద్దరు పిల్లలకూ ఒకే టీకా వేయించాం. ఒకడికి పనిచేసి, ఇంకొకడికి ఎందుకు పనిచేయలేదండీ?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. మందు పాడైందనో, నర్సు సరిగా వేయలేదనో అనుకుంటారు. అలా జరగకూడదనే ఫ్రిజ్ టెంపరేచరు రోజుకు రెండుసార్లు రాసుకుంటాము. అయితే తేడా ఒంట్లోనే ఉండవచ్చు. ఈ సంగతి ఎలుకలు బాగా తెలిపాయి.

పరిశోధనశాలల్లో తరతరాలుగా ఒకే ఈత పిల్లలను జతపరచి పెంచడంవల్ల ఒక్కో జాతి ఎలుకలన్నీ కవలల్లా ఉంటాయి. న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ క్రిమి పైపొరలోని చక్కెర పదార్థాన్ని టీకాగా ఇస్తే చాలా జాతులు యాంటీబాడీలు తయారుచేసుకుంటాయి. సి.బి.ఎ./ఎన్. అనే జాతి మాత్రం దాదాపు చేసుకోలేదు. మేత ఒకటే, మోతాదు ఒకటే. లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. అది బి.టి.కె. అనే జన్యువని 1993లో తేలింది. ప్రోటీను టీకా ఇస్తే ఇవే ఎలుకలు చాలావరకు స్పందిస్తాయి.

రెండేళ్లలోపు పసిబిడ్డలకూ ఉత్త చక్కెర టీకా సరిగా పట్టదు. వారికి జన్యులోపం లేదు, వయసు చాలదంతే. 1974లో ఫిన్లాండులో హిబ్ క్రిమి చక్కెరతో చేసిన టీకా ఏడాదిన్నర దాటినవారిని కాపాడింది, అంతకన్నా చిన్నవారిని కాపాడలేదు. అందుకే ఆ చక్కెరను ప్రోటీనుకు అతికించి కాంజుగేట్ టీకాలు చేశారు. 6, 10, 14 వారాలకు వేసే పెంటావలెంటులోని హిబ్ భాగం అటువంటిదే. 2021లో దేశమంతటికీ విస్తరించిన న్యుమోకాకల్ టీకా, హైదరాబాదులో తయారయ్యే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా అంతే. ఒక్క డోసుకు తక్కువగా స్పందించిన బిడ్డ తర్వాతి డోసులతో అందుకుంటాడు. కాబట్టి మధ్యలో మానవద్దు.

అదే బి.టి.కె. జన్యువు మగబిడ్డలో దెబ్బతింటే నష్టం ఎలుకలకన్నా ఎక్కువ. యాంటీబాడీలు దాదాపు ఏవీ ఉండవు. అమెరికా వైద్యుడు బ్రూటన్ 1952లో ఈ జబ్బును వర్ణించారు. ఇది చాలా అరుదు. తల్లి ఇచ్చిన యాంటీబాడీలున్నంతవరకు, సుమారు ఆరు నెలలు, బిడ్డ బాగానే ఉంటాడు. తరువాత చెవిలో చీము, న్యుమోనియా మాటిమాటికీ వస్తాయి. మూడు నాలుగు వారాలకొకసారి ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కిస్తే పిల్లవాడు పెరిగి పెద్దవాడవుతాడు.

"మీ అన్నదమ్ములెవరైనా పసితనంలో పోయారా అమ్మా?" అని మేము అడిగితే కొందరు నొచ్చుకుంటారు. ఈ లోపం తల్లి వైపునుండి వస్తుంది గనుక అడుగుతాము. అందులో ఆమె తప్పేమీ లేదు. అటువంటి సంగతి ఉంటే పోలియో చుక్కలు వేయకముందే చెప్పండి. అవి బలహీనపరచిన ప్రాణమున్న క్రిమితో చేసినవి, ఆ బిడ్డకు వేయకూడదు.