నిషేధమూ లేదు, గుర్తింపూ లేదు
ప్రభుత్వ క్రైస్తవ ఉద్యోగుల సహవాసాల ప్రస్థానం

ఇందిరాపురం (ఘజియాబాద్): యమున, హిండన్ నదుల నడుమ వెలసిన ఇందిరాపురంలో నివసిస్తూ రోజూ ఢిల్లీ కార్యాలయాలకు వెళ్ళి వచ్చే ఉద్యోగులలో తెలుగువారూ ఉన్నారు. వారిలో క్రైస్తవులైనవారు సహోద్యోగులతో కలిసి ప్రార్థన చేసుకోదలిస్తే ఎక్కడ కూడాలి? కార్యాలయంలోనా, ఇంటిలోనా? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న వెనుక సుదీర్ఘమైన చరిత్ర, అంతకు మించిన చిక్కు ఉన్నాయి.

దుకాణంలో అంకురార్పణ

పనిచేసే చోట ప్రార్థనా సహవాసమన్నది కొత్త విషయం కాదు. 1844 జూన్ 6న లండన్‌లో జార్జి విలియమ్స్ అనే బట్టల దుకాణం ఉద్యోగి తన సహచరులతో కలిసి స్థాపించిన సంఘమే వై.ఎం.సి.ఎ. ఆ ఉద్యమం మన దేశానికీ విస్తరించింది. 1895 నుంచి అందులో కార్యదర్శిగా పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయి, తెలుగు నేలపై చిరస్మరణీయుడయ్యారు.

స్వాతంత్ర్యానంతరం 1954లో యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. చదువు ముగిసినవారి కోసం దానికి పట్టభద్రుల విభాగమూ ఉంది. కళాశాలలో అలవడిన బైబిలు పఠనం, సామూహిక ప్రార్థన ఉద్యోగంలో చేరినవారి వెంట సచివాలయాలకు, రైల్వేలకు, బ్యాంకులకు చేరడం సహజ పరిణామమే.

నిబంధనలు ఏమంటున్నాయి?

రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛను పౌరులందరికీ ప్రసాదించింది. ప్రభుత్వోద్యోగి ఇందుకు మినహాయింపు కాదు. కాగా, కేంద్ర సర్వీసు సంఘాల గుర్తింపు నిబంధనలు (1993) కుల, మత ప్రాతిపదికన ఏర్పడే సంఘాలకు గుర్తింపును నిరాకరిస్తున్నాయి. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 12వ నిబంధన ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఏ ప్రయోజనం కోసమైనా ఉద్యోగి చందాలు వసూలు చేయరాదు. ప్రార్థన ముగింపులో కానుకలు పట్టడమన్న ఆచారాన్ని ఆఫీసు సహవాసంలో పాటించాలన్నా ఈ నిబంధనను గుర్తుంచుకోక తప్పదు.

ఆర్.ఎస్.ఎస్., జమాతె ఇస్లామీ కార్యకలాపాలలో ఉద్యోగులు పాల్గొనరాదని 1966లో జారీ అయిన ఉత్తర్వులో క్రైస్తవ సంఘాల ప్రస్తావన లేదు. 2024 జులై 9న కేంద్రం ఆ ఉత్తర్వు నుంచి ఆర్.ఎస్.ఎస్. పేరును తొలగించింది. ఈ విధంగా క్రైస్తవ సహవాసాలకు నిషేధమూ లేదు, సర్వీసు సంఘాలుగా గుర్తింపూ లేదు. సర్కారీ ఫైళ్ళలో వాటి చరిత్ర కానరాకపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

కుల ధ్రువపత్రం చిక్కు

అంతకంటె జటిలమైనది రిజర్వేషన్ల సమస్య. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేయగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని వర్తింపజేశారు. క్రైస్తవులకు ఆ అవకాశం దక్కలేదు. తెలుగు రాష్ట్రాలలో క్రైస్తవం స్వీకరించిన దళితులను బి.సి.-సి వర్గంగా పరిగణిస్తున్నారు. ఆ కోటా ఒక్క శాతం మాత్రమే.

పుదుచ్చేరిలో క్లర్కు ఉద్యోగం కోరిన ఒక అభ్యర్థిని కేసులో సుప్రీం కోర్టు 2024 నవంబరు 26న వెలువరించిన తీర్పు ఇక్కడ గమనార్హం. ఆమె క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళడాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకున్నది. విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని స్పష్టం చేసింది. ఎస్.సి. ధ్రువపత్రంతో కొలువులో చేరిన వ్యక్తికి ఆదివారం ఆరాధన గాని, భోజన విరామవేళ ప్రార్థన గాని తన ఉద్యోగానికే ముప్పు తేగల సాక్ష్యంగా మారవచ్చునన్నమాట. ఈ హోదా అంశాన్ని పరిశీలించేందుకు 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం కమిషన్‌ను నియమించింది.

సరిహద్దు దాటితే

ఇందిరాపురం వాసులకు మరొక అంశమూ తోడైంది. ఢిల్లీలో లేని మత మార్పిడి నిరోధక చట్టం ఉత్తరప్రదేశ్‌లో 2020 నవంబరు నుంచి అమలులో ఉంది. 2024 నాటి సవరణతో ఎవరైనా ఫిర్యాదు చేసే వీలు కలిగింది. ప్రార్థనను ఈ చట్టం నిషేధించకపోయినా, ఇంటిలో నలుగురు కూడినప్పుడు ఇరుగుపొరుగువారి అనుమానం ఫిర్యాదుకు దారితీయవచ్చు.

ప్రభుత్వ కార్యాలయం ఏ ఒక్క మతానికీ వేదిక కారాదన్నది నిర్వివాదాంశం. అయితే విరామ సమయంలో ఏది సమ్మతమో, ఏది కాదో అన్ని మతాల ఉద్యోగులకు సమానంగా వర్తించేలా లిఖితపూర్వకంగా తెలియజేస్తే, పై అధికారి ఇష్టాయిష్టాలపై ఆధారపడవలసిన అగత్యం తప్పుతుంది.